స్కాన్ బాగుంది, మనిషే మారిపోయాడు: బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ తర్వాత యాది, కోపం, కదలకపోవడం గురించి

ముందు మీ ప్రశ్న నాకు ఎట్లా అర్థమైందో చెప్తాను. మీ అన్నకు 44 ఏళ్లు, జడ్చర్ల దగ్గర ఎరువుల దుకాణం. మెదడులో కుడివైపు ఫ్రంటల్ లోబ్‌లో (నుదురు వెనకుండే ముందుభాగంలో) గ్రేడ్ 3 గ్లయోమా అనే గడ్డ. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి ఐదు నెలలు, 33 విడతల రేడియేషన్ ముగిసి రెండు నెలలు. ఇప్పుడు నెలకు ఐదు రోజులు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు వేసుకుంటున్నాడు. దాంతోపాటు లెవెటిరాసెటమ్ 1000 మిల్లీగ్రాములు రెండు పూటలా, డెక్సామెథాసోన్ పొద్దున ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మొన్నటి ఎమ్మారైలో గడ్డ పెరగలేదన్నారు. అయినా చెప్తే తప్ప కుర్చీలోంచి లేవడు, చిన్నదానికే అరుస్తాడు, ఉద్దెర లెక్కలు తప్పుతున్నాడు, అడిగితే "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటాడు. మీ వదిన "పని తప్పించుకుంటుండు" అని ఏడుస్తున్నది. ఇది తగ్గుతదా, ఎవరికి చూపించాలె, దుకాణంల మళ్లా కూసోనియ్యొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆయన కావాలని చేయడం లేదు. కొంత తగ్గుతుంది, కొంత మిగిలిపోవచ్చు. ఎంత మిగులుతుందో ఇప్పుడే తేల్చే సమయం కాదు. మొదట మందుల డాక్టర్‌తో మాట్లాడండి, తర్వాత న్యూరోసైకాలజీ పరీక్ష (యాది, ధ్యాస, ఆలోచన ఎట్లా పనిచేస్తున్నాయో కొలిచేది) చేయించండి, ఆ రెండూ అయ్యేదాకా దుకాణం గల్లాపెట్టె, పురుగుమందులు ఆయన చేతికి ఇవ్వకండి. ఇంట్లో మార్చాల్సినవి మాత్రం ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

సైకాలజిస్ట్ కన్నా ముందు మందుల సంగతి ఎందుకంటే, మీరు రాసిన చీటీలోనే రెండు కారణాలు కనిపిస్తున్నాయి. డెక్సామెథాసోన్ మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్. దానితో నిద్ర పోతుంది, ఆకలి విపరీతంగా పెరుగుతుంది, చిరాకు వస్తుంది, షుగర్ పెరుగుతుంది, తొడల్లో బలం తగ్గి కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. రాత్రి పూట వేసుకుంటే నిద్ర మరీ చెడుతుంది. రోజుకు రెండు మాత్రలు ఉన్నవాళ్లకు సాధారణంగా రెండోది మధ్యాహ్నం రెండు గంటల లోపే ఇస్తారు. రాత్రి మాత్రను ముందుకు జరపొచ్చా, మోతాదు ఎప్పటినుంచి తగ్గిస్తారు అని ఆంకాలజిస్ట్‌ను (క్యాన్సర్ డాక్టర్‌ను) అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్ ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. షుగర్ కూడా ఈ వారమే చూపించండి.

రెండోది లెవెటిరాసెటమ్. ఫిట్స్‌కు మంచి మందే, కానీ కొంతమందిలో కోపం, ఏడుపు, దిగులు తెస్తుంది. కోపం ఎప్పుడు మొదలైంది, ఆ మందు మోతాదు ఎప్పుడు పెరిగింది అనే రెండు తేదీలను కాగితం మీద పక్కపక్కన రాయండి. దగ్గరగా ఉంటే ఆ కాగితాన్నే న్యూరాలజిస్ట్ ముందు పెట్టండి. మోతాదు సవరించడానికో, వేరే మందుకు మెల్లగా మార్చడానికో దారులున్నాయి. దీన్ని కూడా ఒక్క పూట సైతం సొంతంగా మానొద్దు. ఆగకుండా ఫిట్స్ వచ్చేది అట్లాంటప్పుడే.

మీరు రాయలేదు గానీ అడగక తప్పని ఇంకో మాట, కల్లు. పాలమూరు, నల్లగొండ వైపు దొరికే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. అవి మెదడును మందగింపజేస్తాయి. అలవాటైనవాళ్లు ఒక్కసారి మానేస్తే ఫిట్స్ వస్తాయి. ఆయన ఇప్పుడు తాగుతున్నా, ఆపరేషన్ ముందు దాకా రోజూ తాగి మానేసినా దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. దాన్ని బట్టి వైద్యం మారుతుంది.

ఇక గడ్డ ఉన్న చోటు సంగతి. పని మొదలుపెట్టడం, వరుస ప్రకారం చేయడం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం, తప్పును తానే గమనించుకోవడం ఫ్రంటల్ లోబ్ చేసే పనులు. అది దెబ్బతిన్న మనిషికి కాళ్లుచేతులు ఆడతాయి, మాట వస్తుంది, పాత సంగతులన్నీ చెప్తాడు. బండికి ఇంజిన్ బాగానే ఉండి సెల్ఫ్ స్టార్ట్ పనిచేయనట్టు, తనంతట తాను మొదలుపెట్టలేడు. ఎవరైనా నెడితే మాత్రం నడుస్తాడు. చూసేవాళ్లకు అదే బద్ధకంలా ఉంటుంది. "నేను చెప్తే చేస్తుండు కదా, అంటే చేతనైతదన్నట్టే కదా" అని ఇంట్లోవాళ్లు వాదిస్తారు. నిజానికి చెప్తే చేయడం, చెప్పకపోతే చేయలేకపోవడం, ఈ రెండూ కలిసి ఉండటమే ఈ జబ్బు గుర్తు. మీ వదినకు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

"నాకేం కాలేదు" అనడం కూడా అబద్ధం కాదు. తప్పును పట్టుకునే భాగమే దెబ్బతింటే తప్పు జరిగినట్టు లోపల తెలియదు. కాబట్టి రోజంతా చేసిన పొరపాట్లను సాయంత్రం కూర్చోబెట్టి చదివి వినిపించకండి. కోపమే మిగులుతుంది. బదులుగా పనికి ముందు ఒక అంచనా అడగండి. "ఈ ఐదు సామాన్లలో ఎన్ని తెస్తవనుకుంటున్నవ్ అన్నా?" అంటే "ఐదూ" అంటాడు. మూడే తెస్తాడు. మీరేమీ అనొద్దు, ఆయన చేతే టిక్కులు పెట్టించండి. పది పదిహేను రోజులు పోయాక "చీటీ రాసియ్యి" అని తానే అడుగుతాడు చాలాసార్లు. సోయి వచ్చేది ఈ దారినే.

దిగులుకూ ఈ కదలకపోవడానికీ తేడా పట్టుకోండి. ఫ్రంటల్ దెబ్బతో కదలని మనిషికి పెద్దగా బాధ ఉండదు, ముఖంలో భావం తగ్గుతుంది, లేపి తీసుకుపోతే వస్తాడు. దిగులు ఉన్న మనిషి తెల్లవారుజామునే లేచి కూర్చుంటాడు, "మీకు బరువైన" అంటాడు, తిండి సహించదు, చావు మాట ఎత్తుతాడు. రెండోదైతే సైకియాట్రిస్ట్ కావాలి, మందుతో బాగా తగ్గుతుంది. అయితే ట్యూమర్, ఫిట్స్ ఉన్న సంగతి ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి. బుప్రోపియాన్ లాంటి కొన్ని మందులు ఫిట్స్‌ను పెంచుతాయి. చావు మాట వినిపిస్తే ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

రేడియేషన్ ముగిసిన నెల నుంచి ఆరు నెలల లోపు మెదడు అలసట, నిద్రమత్తు, మరుపు పెరగడం తెలిసిన విషయమే. ఈ దశలో వచ్చింది చాలామందిలో మెల్లగా సర్దుకుంటుంది. ఆరు నెలలు, ఏడాది దాటాక కొత్తగా మొదలై పెరిగే మరుపు వేరు, అది అంత సులువుగా వెనక్కి పోదు. మీ అన్న రెండో నెలలో ఉన్నాడు. అందుకే ఎంత మిగులుతుందో ఇప్పుడే తేల్చకూడదన్నాను.

పరీక్ష ఎక్కడ, ఎట్లా? మామూలు కౌన్సెలింగ్ వేరు, ఇది వేరు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి, అందులోనూ మెదడు జబ్బుల పరీక్షలు చేసే అలవాటు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం తప్పేం కాదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో మొదలుపెట్టి అక్కడి నుంచి రెఫరల్ రాయించుకోవచ్చు. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీ వైపు అడగండి. మరీ లోతైన అంచనా కావాలంటే బెంగళూరులోని మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, కర్నూలు మీదుగా బెంగళూరు పోయే రైళ్లు మీకు దగ్గరే.

పరీక్ష రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఒక్క పూటలో చేయించకండి, రెండు రోజులకు పంచమనండి. పొద్దున పూట పెట్టించుకోండి. టెమోజోలమైడ్ వేసుకునే ఐదు రోజులూ, ఫిట్స్ వచ్చిన వెంటనే వారమూ వద్దు. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్ట్, ఎమ్మారై సీడీ, రేడియేషన్ ముగింపు కాగితం, మందులు వేసుకునే వేళలు రాసిన చీటీ, కళ్లద్దాలు తీసుకుపోండి. ఆయనతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు వెంట ఉండాలి. పది నిమిషాల్లో 30 మార్కులకు వేసే చిన్న పరీక్ష ఒక్కటే చేసి "నార్మల్" అంటే ఒప్పుకోకండి. ఫ్రంటల్ దెబ్బ ఉన్నవాళ్లు అందులో 27 తెచ్చుకొని ఇంటికొచ్చి స్టవ్ ఆర్పడం మరిచిపోతారు. ఎందుకంటే పరీక్ష గదిలో మొదలుపెట్టేది, ఆపేది, తర్వాతది గుర్తుచేసేది అన్నీ పరీక్ష చేసేవాళ్లే.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. ఈ పరీక్షలు చాలావరకు బడికి పోయినవాళ్ల కోసం తయారైనవి. చదువుకోని మనిషికి ఘనాకారపు బొమ్మ గీయమంటే రాకపోవడం జబ్బు కాదు. నిమ్హాన్స్ బ్యాటరీలో (వాళ్లు తయారుచేసిన పరీక్షల గుంపులో) చదువు లేనివాళ్లకు వేరే ప్రమాణాలున్నాయి, వాటితో పోల్చమని అడగాలి. దేవరకొండ, చందంపేట తండాల్లో ఇంటి భాష లంబాడీ, మహబూబ్‌నగర్ పట్నంలో ఎందరికో ఉర్దూ. ఇంటి భాషలో కాక తెలుగులో పరీక్షిస్తే మార్కులు పడిపోతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకున్నవాళ్లు టైమ్ పెట్టి చేతితో చేసే పరీక్షల్లో వెనకబడతారు. అది మెదడు నెమ్మది కాదు. ఇవన్నీ పరీక్ష మొదలయ్యే ముందే చెప్పండి.

రిపోర్ట్‌లో మార్కుల కన్నా ఒక విషయం ముఖ్యం. 15 మాటలను ఐదుసార్లు వినిపించి, అరగంట ఆగి చెప్పమంటారు. చెప్పలేకపోయినా, మాటల గుంపులోంచి విన్నవాటిని గుర్తుపట్టగలిగితే సంగతి లోపల ఉంది, తీయడమే రావడం లేదు. ఫ్రంటల్‌లో ఎక్కువగా ఇదే. ఇట్లాంటివాళ్లకు అలారం, చీటీ, మొదటి అక్షరం అందించడం బాగా పనిచేస్తాయి. గుర్తు కూడా పట్టలేకపోతే సంగతి అసలు నిల్వే కాలేదు. అది టెంపోరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) లోపలి భాగం దెబ్బ. అప్పుడు "గుర్తు చేసుకో" అనడం దండగ, ప్రతిదీ రాతలోనో రికార్డింగ్‌లోనో ఉండాల్సిందే. ఈ తేడా చెప్పని రిపోర్ట్‌తో ఇంట్లో చేయగలిగింది తక్కువ. ఇప్పుడొకసారి చేసిన పరీక్షను ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ చేయిస్తేనే పెరుగుతుందా తరుగుతుందా తెలుస్తుంది. ఇంకా ఆపరేషన్ కాని పేషెంట్ల ఇంటివాళ్లు చదువుతుంటే, వీలైతే మొదటి పరీక్ష ఆపరేషన్‌కు ముందే చేయించండి. పోల్చుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

ఇంట్లో చేయాల్సింది. "ఏం చేస్తవ్?" అని అడగకండి. జవాబు "ఏం లేదు" అనే వస్తుంది. మొదటి మెట్టు మీరే ఎక్కించండి. తువ్వాల చేతికిచ్చి "పద" అనండి. "స్నానం చెయ్" అనేది మనకు ఒక్క పని, ఆయన మెదడుకు ఎనిమిది పనులు: లేవడం, బట్టలు తీసుకోవడం, నీళ్లు తోడుకోవడం, అట్లా. ఆ వరుసను పెద్ద అక్షరాలతో రాసి బాత్‌రూమ్ తలుపు మీద అతికించండి. చదవలేనివాళ్లకైతే ఫోటోలు. ఒకసారికి ఒక్కటే మాట చెప్పి, పది సెకన్లు ఆగండి. ఆ పది సెకన్లు ఆగలేక మనమే చేసేస్తుంటాం, అట్లా చేస్తే ఆయన ఎన్నటికీ మొదలుపెట్టడు. వారం తర్వాత మాట తగ్గించి వేలితో చూపండి, ఇంకో వారానికి కాగితం వైపు చూసి ఊరుకోండి.

రోజూ అదే వేళ, అదే వరుస. పొద్దున ఎండ పెరగకముందు 20 నిమిషాల నడక. బుర్రతో పనైనా చేతిపనైనా 25 నిమిషాలు చేసి పది నిమిషాలు ఆగాలి. అలిసిపోయాక కాదు, అలిసేముందే ఆపాలి. అలసిన మెదడుకు రెండు గంటలు పడుకున్నా తేరుకోవడం కష్టం. మధ్యాహ్నం నిద్ర అరగంట మించితే రాత్రి నిద్ర పోతుంది.

మందుల డబ్బా రోజులవారీ గడులున్నది కొనండి. లెవెటిరాసెటమ్‌కు పన్నెండు గంటల తేడాతో రెండు అలారాలు, మీ అన్న గొంతుతోనే "మందు వేసుకో" అని రికార్డు చేసి పెట్టండి. టెమోజోలమైడ్ మాత్రం ఆయన చేతికందే చోట పెట్టొద్దు. వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకున్నా, ఐదు రోజులది ఆరో రోజూ వేసుకున్నా రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. తాళం వేసిన డబ్బాలో ఉంచి, క్యాలెండర్ మీద సంతకం పెట్టి ఒకరే ఇవ్వాలి.

కోపానికి ఒక వారం పుస్తకం పెట్టండి: ఏ టైమ్, అంతకు ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు. దాదాపు ప్రతి పుస్తకంలోనూ అవే కారణాలు బయటపడతాయి. ఆకలి, నిద్రలేమి, టీవీ మోత, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడటం, మంది ముందర తప్పు ఎత్తిచూపడం. పరామర్శకు వచ్చేవాళ్లను ఒకసారికి ఇద్దరికి మించనియ్యకండి, పావుగంట చాలు. "నన్ను గుర్తువట్టినవా? నేనెవర్ని చెప్పు" అని పరీక్షలు పెట్టే చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపి చెప్పండి. అరవడం మొదలైతే వాదించకుండా, గొంతు తగ్గించి, పావుగంట పక్కకు పోయి రండి. "ఎందుకట్ల అరిచినవ్" అని ఆ వెంటనే నిలదీయొద్దు. ఆడపిల్లల ముందు మాట జారడం, అనకూడనిది అనడం కూడా ఇదే జబ్బులో భాగం. సిగ్గుపడి డాక్టర్ దగ్గర దాచొద్దు. గాలి సోకిందనో చేతబడనో ఎవరన్నా తిప్పితే అక్కడ ఉపవాసాలు, పసర్లు మొదలై మందుల వేళలు తప్పుతాయి. ఫిట్స్ తిరిగొచ్చేది అక్కడే.

యాది పెంచే టానిక్‌లకు డబ్బు తగలేయకండి. కీమో నడుస్తుండగా ఏ లేహ్యమైనా ఆంకాలజిస్ట్‌కు చెప్పకుండా వద్దు, కాలేయం మీద భారం పడుతుంది. ఫోన్‌లో ఆటలు ఆడితే ఆ ఆటలో నేర్పు వస్తుంది గానీ దుకాణం లెక్క బాగుపడదు. శిక్షణ అసలు పనిచేయదని కాదు. నెదర్లాండ్స్‌లో గ్లయోమా ఉన్న 140 మందితో చేసి 2009లో అచ్చేసిన పరిశోధనలో, వారానికి ఒకసారి రెండు గంటల చొప్పున ఆరు వారాలు ధ్యాస సాధనతో పాటు రోజువారీ ఉపాయాలు నేర్పారు. ఆరు నెలల తర్వాత చూస్తే ధ్యాస, విన్న మాటల యాది మెరుగ్గా ఉన్నాయి, మానసిక అలసట తగ్గింది. అందులో ఉపాయాల పాలు గమనించండి. ఇంట్లో మనం పెట్టే చీటీలు, అలారాలు ఆ కోవవే.

దుకాణం. పూర్తిగా వద్దనకండి, అక్కడి వాసన, మనుషులే ఆయనకు పెద్ద ప్రోత్సాహం. కానీ ఎరువుల దుకాణంలో ఫోన్ మోగుతుంటే, ఇద్దరు రైతులు అడుగుతుంటే, ఒకరికి చిల్లర, ఇంకొకరికి ఉద్దెర రాయడం ఫ్రంటల్ లోబ్‌కు అన్నిటికన్నా కష్టమైన పని. పురుగుమందు పేరో మోతాదో తప్పు చెప్తే ఇంకొకరి పంట, ప్రాణం పోతాయి. మొదటి రెండు వారాలు పొద్దున పది నుంచి పదకొండు, గిరాకీ పలచగా ఉన్నప్పుడు, యూరియా బస్తాలు లెక్కపెట్టి కాగితం మీద రాయడం ఒక్కటే. ఫోన్ ఇంట్లో వదిలి రావాలి. తప్పులు వారానికి ఒకటికి మించకపోతే రెండో పనిగా బిల్లు రాయడం, పక్కన ఇంకొకరు సరిచూడాలి. నగదు, ఉద్దెర ఖాతా, మందుల సలహా అన్నిటికన్నా చివర. వానాకాలం సీజన్ రద్దీలో కొత్త పని మొదలుపెట్టొద్దు. బండి, ట్రాక్టర్, బోరు మోటర్ స్టార్టర్, బావిగడ్డ డాక్టర్ సరేననేదాకా దూరం.

డబ్బు విషయంలో ఫోన్ గుంజుకుంటే యుద్ధమవుతుంది. చిన్న మొత్తం ఉన్న వేరే ఖాతాకు యూపీఐ కలిపి, పెద్ద మొత్తం మీ వదినతో ఉమ్మడి ఖాతాలో పెట్టండి. జామీను సంతకాలు, భూమి కాగితాలు, చిట్టీలు ఇప్పుడు వద్దు. వీలునామా, నామినీ లాంటివి రాయాలని ఆయన కోరుకుంటే, తెలివిగా ఉన్న రోజు, డాక్టర్ రాసిన సర్టిఫికెట్ దగ్గర పెట్టుకొని చేయండి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకుంటారు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే అది చెల్లదు, కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. లోపం స్థిరపడ్డాక వికలాంగుల సర్టిఫికెట్‌కు (యూడీఐడీ, ఇంతకుముందు సదరం) దరఖాస్తు చేసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ లోపం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పథకాలకు దారి ఉంటుంది.

మీ వదిన రోజుకు ఆరు గంటలైనా ఆగకుండా నిద్రపోవాలి. వారానికి రెండు రాత్రులు మీరో మీ అక్కో ఆ ఇంట్లో పడుకోండి. పిల్లలకు "నాన్న తలలో కోపాన్ని ఆపే చోట ఆపరేషన్ అయింది, నీ మీద కోపం కాదు" అని నేరుగా చెప్పండి. చెప్పకపోతే తప్పు తమదే అనుకుంటారు.

చివరగా, ఇవన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలు. గంటల్లో, రెండు మూడు రోజుల్లో మార్పు వచ్చిందంటే అది స్వభావం కాదు: వాపు, ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, బయటికి కనిపించని ఫిట్స్, గడ్డ తిరిగి పెరగడం, వీటిలో ఏదైనా కావచ్చు. పొద్దున తలనొప్పితో వాంతులు, లేపినా లేవని నిద్ర, కొత్తగా ఒక పక్క బలం తగ్గడం, నడక తడబడి మూత్రం తెలియకుండా పోవడం, జ్వరం, ఒకే చూపు చూస్తూ పలకకపోవడం. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు వద్దు, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, సోయి రాకముందే రెండోసారి వచ్చినా 108కు ఫోన్ చేయండి. ఆ నంబర్‌తోపాటు మందుల చీటీ ఫోటో కూడా ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.